పదునుకొచ్చిన ఆకు

"గౌను ఎక్కడ పెట్టావో చెప్పమ్మా. ఎనిమిదింటికల్లా నేనక్కడుండాలి."

ఫిలొమీనా బిస్కో జవాబు చెప్పలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఉప్పు బిస్కట్టు కాఫీలో ముంచుకుని నిదానంగా తింటోంది. కూతురు వండింది ముట్టుకోక ఆ శనివారానికి తొమ్మిది రోజులు. కూతురితో మాట్లాడకా అంతే.

వెరోనికా బట్టలుతికే మిషన్లో చూసింది. కారు డిక్కీలో చూసింది. చివరికి అమ్మ మంచం కింద కూడా చూసింది. ముతక నార గౌను, నీలం ఏప్రను, తలకి చుట్టుకునే తెల్లగుడ్డ, మూడూ మాయం.

కెల్విన్ ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. వారమంతా స్కూలు బస్సు తోలే మనిషి. శనివారమైనా పొద్దెక్కేదాకా పడుకుందామనుకున్నాడు. ఈ ఇంట్లో పెళ్ళానికీ అత్తగారికీ మధ్య కబురు మోసే ఉద్యోగం కూడా తనదేనని తొమ్మిది రోజులుగా తెలుస్తోంది.

"మిస్ ఫిలో, నా చెవిలో చెప్పండి. నేనెవరికీ చెప్పను."

"నీ చెవిలో పడిన మాట పొద్దుగూకేలోగా చర్చి చుట్టూ మూడుసార్లు తిరిగొస్తుంది. అయినా చెప్తున్నా, నీ పెళ్ళాంతో చెప్పు. చర్చివాళ్ళు పాతబట్టలడిగారు. కనిపించినవి మూటకట్టి ఇచ్చేశాను."

"అది పాతబట్ట కాదమ్మా. నేను చేత్తో కుట్టుకున్నది. ఆరు వారాలు పట్టింది."

"కెల్విన్, ఆరు వారాలు కుట్టినా అది బానిసబట్టేనని చెప్పు."

కెల్విన్ చేతిలో మేజోడు వైపు చూసుకున్నాడు. దాన్ని తొడుక్కోవడం కంటే ముఖ్యమైన పని ఏదీ లోకంలో లేనట్టు గోడకి ఆనుకుని తొడుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఫొటో గురించేగా ఇదంతా," అంది వెరోనికా.

ముసలావిడ కప్పు బల్లమీద పెట్టింది. ఈసారి అల్లుడి వైపు తిరగలేదు.

"మా అమ్మ ఆ గుడ్డే తలకి చుట్టుకుని వేరేవాళ్ళ నేలలు కడిగింది. నేను ప్రతి ఏడూ మార్చి దాకా పొగాకు ఒలిచాను, వేళ్ళు పగిలి నెత్తురొచ్చేలా. ఎందుకు? నువ్వు కుర్చీలో కూర్చోవాలని. కూర్చున్నావు. ఇరవై రెండేళ్ళు పిల్లలకి చరిత్ర చెప్పావు. చెప్పి చెప్పి, ఇప్పుడు కుర్చీలోంచి లేచెళ్ళి ఆ గుడ్డ నువ్వు చుట్టుకున్నావు. పేపర్లో ఫొటో వేయించుకున్నావు. మొక్కజొన్న చేలో, నడుం ఒంచి. చర్చిలో ఆ పేపరు నా చేతికిచ్చి, మీ అమ్మాయేనా అనడిగారు."

"ఏం చెప్పావు?"

"కళ్ళజోడు తెచ్చుకోలేదన్నాను."

వెరోనికాకి ఆ మాట ఎక్కడో తగిలింది.

"నాలుగేళ్ళుగా అడుగుతున్నాను. ఒక్కసారి వచ్చి నేనేం చెబుతానో విను. విన్నాక తిట్టు. ఒక్కసారి ఆ గేటు దాటి రా అమ్మా."

"ఆ గేటు నేను దాటను."

అరవలేదు, విసురుగా కూడా అనలేదు. తలుపు గడియ పెట్టినట్టు అంది. మళ్ళీ బిస్కట్టు అందుకుంది.

*

టాల్‌బర్న్ పొలం గేటు లోపల ఎప్పుడూ 1771వ సంవత్సరమే, ఆ కాలం వేషాలేసుకుని అప్పటి బతుకుని జనానికి చూపించే చోటు అది. రాజుగారి పాలన ఇంకా పోలేదు. దొర ఇల్లు మాత్రం పాత పునాదుల మీద మళ్ళీ కట్టింది. పటక్సెంట్ ఏటి వైపున్న, పొగాకు ఆరేసే బ్యారను అసలుదే. ఎన్ని గాలివానలొచ్చినా పడిపోలేదు.

అక్టోబరు మూడోవారం శని, ఆదివారాలు రెండు రోజులూ అక్కడ కోతల పండగ. ఆ పొద్దున అప్పుడే జనం మొదలయ్యారు. ఆపిల్ పళ్ళు గానుగలో పడుతుంటే తియ్యటి పులుపు వాసన కంచె దాకా వస్తోంది. కొట్టం ముందు మొక్కజొన్న కండెలు గుట్టపోసి పొట్టు వలుస్తున్నారు. అవిసె నార చితకగొట్టే చెక్కల చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది.

వెరోనికా దుస్తుల గదిలో అరువు గౌను తీసుకుని తొడుక్కుంది. జానెడు పొట్టి. ఏం చేస్తుంది.

ఆమె పని బ్యారనులో. 1771లో ఈ పొలం యజమాని టాల్‌బర్న్ చనిపోయినప్పుడు అతని సామాన్లకి జాబితా రాశారు. రెండు ఎద్దులు, ఏడు కుర్చీలు, ఒక రాగి కాగు, హెస్టర్. హెస్టర్ కింద ఇంకో పదకొండుమంది బానిసల పేర్లు. ఎండిన కాడ నుంచి ఆకు ఒలుస్తూ, వచ్చినవాళ్ళకి ఆ పన్నెండుమంది గురించి చెబుతుంది వెరోనికా. ఆ పేర్లు పైకి వినపడే చోటు ఆ పొలం మొత్తంలో అదొక్కటే.

అది కూడా ఎన్నాళ్ళో తెలియదు. పొలాన్ని నడిపే ట్రస్టు అధ్యక్షురాలు మిసెస్ మెరివేల్ పోయిన నెలలో మర్యాదగానే చెప్పింది. వచ్చే ఏడు పొగాకు వద్దు, ఆ చేలో గుమ్మడి వేద్దాం, పిల్లల్ని గడ్డిబండి మీద తిప్పుదాం, బ్యారనుకి ఎవరూ రావడం లేదు, వచ్చినవాళ్ళు దిగులుగా వెళ్తున్నారు. ఆదివారం మధ్యాహ్నం ట్రస్టువాళ్ళంతా వచ్చి చూసి ఏదో ఒకటి తేలుస్తారు.

పదిన్నరకి బ్యారను ముందు ముప్పైమంది పోగయ్యారు. పొలం నిర్వాహకుడు డాక్టర్ ఎలియట్ వేర్ మోకాళ్ళ దాకా లాగూ తొడుక్కుని, మూడు మూలల టోపీ పెట్టుకుని నిచ్చెనెక్కాడు. గుమ్మం పైన దూలానికి వేలాడుతున్న కర్రని, దానికి గుచ్చిన ఆరు పొగాకు మొక్కలతో సహా దించబోయాడు.

కర్ర అంగుళం కదిలిందో లేదో ఆకులు పెళపెళమన్నాయి. సగం అక్కడే నుసైపోయింది. గోధుమరంగు పొడి కింద నిలబడ్డవాళ్ళ తలల మీద రాలింది. ఎవరో తుమ్మారు. తర్వాత వరసగా అందరూ తుమ్మారు. నవ్వులు మొదలయ్యాయి.

రెండో కర్ర, మూడో కర్ర కూడా అంతే. వెరోనికా చేతికి అందిన ఆకు వేళ్ళ మధ్య అప్పడంలా విరిగింది.

"హెస్టర్ అనే ఆవిడ..." అని మొదలుపెట్టింది. అప్పటికే జనం కళ్ళు తుడుచుకుంటూ ఆపిల్ గానుగ వైపు నడుస్తున్నారు.

వేర్ నిచ్చెన దిగాడు. టోపీ మీద నుసి దులుపుకోలేదు.

"రేపు దీన్ని ముట్టుకోవద్దు వెరోనికా. పైన వేలాడుతూ ఉండనిద్దాం. మీరు కింద నిలబడి మాట్లాడండి."

"చేతిలో పని లేకుండా ఏం చెప్పినా ఉపన్యాసమే అవుతుందండీ. మిసెస్ మెరివేల్ ఐదు నిమిషాలు కూడా నిలబడరు."

"తెలుసు," అన్నాడతను. "ఏం చెయ్యాలో మాత్రం తెలీదు."

*

ఆ సాయంత్రం కెల్విన్ చేపలు వేయించాడు. తను వండితే అత్తగారు తింటుంది గనక. ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. ముల్లు తీసే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"పండగెలా జరిగింది?" అన్నాడు చివరికి.

"ఆకంతా పొడైపోయింది. చేతికొస్తే ఒట్టు. రేపు ట్రస్టువాళ్ళ ముందు కూడా ఇంతే. గుమ్మడికాయలు గెలిచాయి." వెరోనికా నవ్వబోయింది. నవ్వు రాలేదు. "పన్నెండు పేర్లు, కెల్విన్. ఒక్కటి కూడా పూర్తిగా చెప్పలేకపోయాను. వాళ్ళు తుమ్ముకుంటూ వెళ్ళిపోయారు."

ఫిలొమీనా చేప రెండో వైపు తిప్పింది. కెల్విన్ మొక్కజొన్న రొట్టె అందించాడు. అందుకోలేదు.

"రెక్కలెప్పుడు తెరుస్తున్నారు?"

ఇద్దరూ తలెత్తారు. ముసలావిడ పళ్ళెంలోకే చూస్తోంది. మాట మాత్రం అల్లుడితో కాదు.

"ఏ రెక్కలమ్మా?"

"బ్యారను గోడ రెక్కలు. నిలువు చెక్కలు. ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు?"

"పొద్దున తొమ్మిదికి తెరుస్తాం, వెలుతురు కోసం. ఐదింటికి మూసి తాళం వేస్తాం."

"అంటే ఎండని లోపలికి పిలిచి, మంచుని బయట నిలబెడుతున్నారన్నమాట."

వెరోనికా ఫోర్కు కింద పెట్టింది.

"పది రోజుల్నించీ పడమటిగాలి," అంది ఫిలొమీనా. "ఎండుగాలి. అది వీస్తుంటే అన్నీ బిగించి కూర్చోవాలి. మంచు దిగేటప్పుడు తెరవాలి. ఆకు తేమ పీల్చుకుని మెత్తబడుతుంది. పదునుకొస్తుంది. అప్పుడు దించాలి. దించి, గుట్టగా పేర్చి మండె కట్టి, పైన దుప్పటి కప్పాలి. ఆ పదును రోజంతా నిలుస్తుంది. ఎవరు చెప్పారు మీకు పగలు తెరవమని?"

"డాక్టర్ వేర్ పాత పుస్తకాలన్నీ చదివే..."

"ఆ పుస్తకాలకి చేతులున్నాయా?"

కెల్విన్ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యడ్డం పెట్టుకున్నాడు.

ఫిలొమీనా కిటికీ వైపు చూసింది. గాలి పడిపోయింది. ఏటి మీద ఆకాశం బూడిదరంగుకి తిరుగుతోంది.

"తెల్లారుజామున పొగమంచు దిగుతుంది. ఎనిమిదింటి దాకా ఉండొచ్చు," అంది. పళ్ళెం తీసుకుని లేచింది. అంట్లతొట్టి దగ్గర వెనక్కి తిరక్కుండానే అడిగింది. "తాళం చెవి నీ దగ్గరుందా, రోనీ?"

తొమ్మిది రోజుల తర్వాత ఆ పేరు ఆ నోట విన్నది వెరోనికా. "ఉందమ్మా," అని లేచి, తన పళ్ళెం కూడా పట్టుకుని అమ్మ పక్కకి వెళ్ళింది.

*

పొద్దున ఐదున్నరకి ఫిలొమీనా చర్చికి వెళ్ళే వేషంలో తయారై వరండాలో నిలబడి ఉంది. ఊదారంగు ఉన్ని కోటు, దాని రంగుకే టోపీ, టోపీ మీద చిన్న ఈక.

"బ్యారనుకా, పూజకా?" అన్నాడు కెల్విన్ కారు తలుపు తీస్తూ.

"పూజ తొమ్మిదింటికి ఉంటుంది. పొగమంచు ఉండదు."

టాల్‌బర్న్ గేటు దగ్గర కారు ఆగింది. వెరోనికా దిగి తాళం తీసి గేటు నెట్టింది. వెనక్కి తిరిగితే అమ్మ కారు దిగి నిలబడి ఉంది. మంచులో ఊదా కోటు తప్ప ఏమీ కనపడటం లేదు.

"కూర్చోమ్మా, లోపలి దాకా కారు వెళ్తుంది."

"నడుస్తాను."

అంతే. నడిచింది. గేటు దాటేటప్పుడు ఒక చెయ్యి స్తంభం మీద వేసింది, తడి ఉందేమో చూసినట్టు.

బ్యారను లోపల చీకటి. కెల్విన్ టార్చి వేసేలోగానే ఫిలొమీనా ఉత్తరం గోడ దగ్గరికి వెళ్ళిపోయింది. వంగి, దూలం కింద ఎక్కడో చెయ్యి పెట్టి లాగింది. టక్కుమని పొడుగాటి కర్ర ఒకటి జరిగింది. అటువైపున్న ఏడు రెక్కలూ ఒక్కసారే తెరుచుకున్నాయి.

"మేము ఒక్కొక్కటే తెరుస్తాం," అంది వెరోనికా తెల్లబోయి. "అక్కడ గొళ్ళెం ఉందని ఎవరికీ తెలీదు. నీకెలా..."

"అన్ని బ్యారన్లూ ఒకలాగే కడతారు. దక్షిణం వైపు నువ్వు తియ్యి."

పొగమంచు లోపలికి వచ్చింది. గొర్రెలమంద వచ్చినట్టు మెల్లగా, గుంపుగా, మూలమూలకీ వచ్చింది. ముగ్గురూ కింద నిలబడి పైకి చూస్తూ ఎదురుచూశారు. ఫిలొమీనా అరగంటకోసారి చెయ్యెత్తి ఆకుని తాకుతోంది. రెండోసారి తల అడ్డంగా ఊపింది. మూడోసారి కూతురి చెయ్యి పట్టుకుని ఆకు మీద పెట్టింది.

"ఇప్పుడు నీ చెవి తమ్మె పట్టుకో. ఎలా ఉంది?"

"ఒకలాగే ఉన్నాయి."

"అదే పదును. దించండి."

కెల్విన్ నిచ్చెన మీద, వెరోనికా కింద. కర్ర తర్వాత కర్ర దిగింది. ఒక్క ఆకు విరగలేదు. మెత్తటి తోలులా చేతుల మీద వాలిపోయింది. ఫిలొమీనా కోటు చేతులు పైకి మడిచి మండె కట్టడం చూపించింది. కాడలు బయటికి, కొసలు లోపలికి.

డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. ఇంట్లో మెట్లెక్కితే మధ్యలో ఆగుతుంది. ఇక్కడ ఒక్కసారి కూర్చోలేదు.

*

ఎనిమిది దాటాక డాక్టర్ వేర్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

బల్ల మీద ఒలిచిన ఆకు మూడు వరసలు. అడుగాకు, నడుమాకు, తలాకు. పక్కన పదిహేను కట్టలు. ప్రతి కట్టకీ పైన మెత్తటి ఆకొకటి మడిచి పట్టీలా చుట్టి, కొసని మధ్యలోకి దోపి ఉంది.

అతను ఒక కట్ట తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. వాసన చూశాడు.

"మా అమ్మండీ," అంది వెరోనికా. "ఫిలొమీనా బిస్కో."

"మిసెస్ బిస్కో, మీకెలా కృతజ్ఞతలు చెప్పాలో తెలీడం లేదు. మధ్యాహ్నం దాకా ఉండగలరా?" అని కాస్త తటపటాయించాడు. "ఒక చిన్న నియమం ఉంది. గేటు తెరిచాక ఆ కాలం బట్టల్లో లేనివాళ్ళు గుమ్మానికి కట్టిన తాడు అవతలే ఉండాలి. మీకు సరిపోయే గౌను ఒకటి ఉంది. తలగుడ్డ కూడా. నేనే తెప్పిస్తాను."

బయట కెల్విన్ కర్రలు పేరుస్తున్న చప్పుడు ఆగిపోయింది.

ఫిలొమీనా చేతిలో కట్ట పూర్తిచేసింది. బల్ల మీద పెట్టింది. అప్పుడు తలెత్తింది.

"నేనెవరి వేషం వెయ్యాలి, డాక్టర్ గారూ?"

"ఎవరైనా సరే. హెస్టర్ తల్లి అనుకోండి."

"నాకు పేరుంది."

"తప్పుగా అనుకోకండి, చూసేవాళ్ళకి..."

"ఆవిడ వేషం వెయ్యదండీ," అంది వెరోనికా. నిన్నటి పొట్టి గౌనులో, తలగుడ్డతో, తల్లికీ అతనికీ మధ్యకి వచ్చి నిలబడింది. "నేను వేస్తాను. నా ఇష్టంతో వేస్తాను. హెస్టర్ చెప్పుకోలేకపోయింది గనక ఆమె బదులు నేను చెబుతాను. మా అమ్మ తన సంగతి తనే చెప్పుకోగలదు. ఆవిడ ఈ కోటుతోనే, ఈ టోపీతోనే బల్ల ఇవతల నిలబడుతుంది. కాదంటే మేమిద్దరం ఇప్పుడే వెళ్ళిపోతాం. రేపట్నించి నేను కూడా రాను."

ఫిలొమీనా కూతురి వీపు వైపు చూసింది. ఈ తలగుడ్డ కట్టుకున్న మనిషి ఇలా మాట్లాడుతుందని ఆమె అనుకోలేదు.

వేర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పద్నాలుగేళ్ళుగా ఈ పని గురించి చదువుతున్నాను. ఇంతవరకూ ఒక్క కట్ట సరిగ్గా కట్టలేదు," అన్నాడు. గుమ్మానికి అడ్డంగా ఉన్న తాడు విప్పి, చుట్టచుట్టి, మేకుకి తగిలించాడు. "నాక్కూడా నేర్పుతారా?"

"ముందు ఆ చేతిపట్టీలు మడుచుకోండి," అంది ఫిలొమీనా. "లేసులకి జిగురు అంటుకుంటే వదలదు."

*

పదకొండు దాటేసరికి బ్యారను నిండిపోయింది. పూజ అయిపోయాక చర్చి ఆడవాళ్ళు పదిమంది తిన్నగా వచ్చేశారు. ఫిలొమీనా తన చోట్లో కనిపించకపోయేసరికి కెల్విన్‌కి ఫోను చేశారు. కెల్విన్ సంగతి తెలిసిందే. దాచలేదు.

ట్రస్టువాళ్ళు ఆరుగురు పన్నెండింటికి వచ్చి వెనక నిలబడ్డారు. మిసెస్ మెరివేల్ చేతి గడియారం చూసుకుంది.

నారింజరంగు టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన అడిగాడు. "పంట చేతికొచ్చిందంటే ఇక్కడ పనిచేసినవాళ్ళకీ పండగేగా?"

"పంట వచ్చింది టాల్‌బర్న్ గారి చేతికండీ," అంది వెరోనికా. తన రెండు చేతులూ ఎత్తి చూపించింది. వేళ్ళ నిండా నల్లటి జిగురు. "హెస్టర్ చేతికొచ్చింది ఇది."

ఎవరూ కదల్లేదు. బల్ల ఇవతల ఫిలొమీనా చేతులు కూడా ఆగిపోయాయి.

"పచ్చి టమాటా రుద్దితే పోతుంది," అంది ఆమె, కూతురితో అన్నట్టు. మాట అందరికీ వినపడింది.

"అప్పట్లో ఇక్కడ టమాటాలు వాడేవారు కాదు, మిసెస్ బిస్కో," అన్నాడు వేర్ పక్కనుంచి. అతని వేళ్ళూ నల్లగానే ఉన్నాయి.

ఫిలొమీనా ఒక్క క్షణం ఆలోచించింది.

"అయితే వాళ్ళ చేతులు రాత్రీ పగలూ నల్లగానే ఉండేవన్నమాట. పిల్లల్ని ఎత్తుకున్నా, రొట్టె పిసికినా."

నారింజ టోపీ పెద్దమనిషి టోపీ తీసేశాడు.

వెరోనికా మళ్ళీ పనిలో పడింది. చెబుతూ, కాడ మీదికి వంగి ఒలుస్తోంది. ఫిలొమీనా మోచేత్తో ఆమెని పొడిచింది.

"ఒంగకు. ఒంగి ఒలిస్తే మధ్యాహ్నానికి నడుం పోతుంది. ఏడాదికి నాలుగు నెలలు ఈ పని చేసేవాళ్ళకి ఆ సంగతి తెలీదా? కాడని నీ ఎత్తుకి తెచ్చుకో. హెస్టర్ నిటారుగా నిలబడే ఒలిచి ఉంటుంది."

వెరోనికా నడుం నిలబెట్టింది. కాడ పైకెత్తింది. తేడా ఒంటికి వెంటనే తెలిసింది. గొంతుకి కూడా తెలిసింది.

"హెస్టర్," అంది. మొదటి కట్ట కట్టి బల్ల చివర పెట్టింది. "సైలస్. బెక్. ఓల్డ్ టోనీ."

పేరుకొక కట్ట. ఆమె కడుతుంటే ఫిలొమీనా ఆకులు అందిస్తోంది. చెప్పకుండానే ఇద్దరి చేతులూ ఒక వరసలో పడ్డాయి. చర్చి ఆడవాళ్ళలో ఒకరు పేరు వెనకే పేరు పలకడం మొదలుపెట్టారు. తర్వాత పదిమందీ పలికారు. తర్వాత బ్యారనంతా పలికింది. పదకొండు పేర్లు అయ్యేసరికి వెనక గడియారం ఎవరూ చూడటం లేదు.

పన్నెండో కట్ట ఫిలొమీనాయే కట్టింది.

"పేరు చెప్పు, రోనీ."

"జూడిత్. మూడేళ్ళు."

"జూడిత్," అంది ఫిలొమీనా. ఆ కట్టని మిగతావాటి పక్కన నెమ్మదిగా ఆనించింది.

చప్పట్లు వెంటనే రాలేదు. వచ్చాక ఆగలేదు. ఊదా టోపీ మీది ఈక ఆ చప్పుడికే ఊగుతోందేమో అనిపించింది. వెరోనికా అమ్మ వైపు చూసింది. అమ్మ గడ్డం పైకెత్తి నిలబడి ఉంది. తన ఇంట్లో పెళ్ళి జరుగుతుంటే నిలబడినట్టు.

"నాకు కళ్ళజోడు లేకపోయినా కనపడింది," అంది కూతురికి మాత్రమే వినపడేలా. "మా అమ్మాయే."

మిసెస్ మెరివేల్ జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చింది. ట్రస్టువాళ్ళతో మాట్లాడాలని కూడా ఆగలేదు.

"గుమ్మడి ఇంకో చేలో వేసుకుందాం, ఎలియట్. ఇక్కడ పొగాకే." తర్వాత ఫిలొమీనా వైపు తిరిగింది. "వచ్చే ఏడు మీరు రావాలి, మిసెస్ బిస్కో. మా వాళ్ళందరికీ నేర్పాలి. ఇంత చక్కటి పని ఎక్కడ నేర్చుకున్నారు?"

"ఇక్కడ."

"ఈ జిల్లాలోనేనా?"

"ఇక్కడంటే ఇక్కడే. ఈ బ్యారనులో. నాకు చెయ్యి అందేది కాదని ఆ మూల పీట వేసి నిలబెట్టేవారు."

వెరోనికా చేతిలోని ఆకు జారిపోయింది. అమ్మ చిన్నతనం గురించి ఎప్పుడడిగినా 'ఏటి పక్కన ఎక్కడో ఉండేవాళ్ళం' అనేది. ఎక్కడో అన్న ఆ చోట నాలుగేళ్ళుగా తను పనిచేస్తోంది.

"మా నాన్న ఈ పొలం పంటలో పాలికి చేసేవాడు," అంది ఫిలొమీనా. ఎవరికీ సంజాయిషీ చెబుతున్నట్టు లేదు. "మీ ట్రస్టు రాకముందు సంగతి. నాకు పదకొండేళ్ళప్పుడు ఖాళీ చేయించారు. ఇల్లు పడగొట్టారు. మీరు కార్లు పెట్టుకునే చోటే మా ఇల్లు."

"చూపిస్తారా?" అంది మిసెస్ మెరివేల్.

ఫిలొమీనా కోటు చేతులు కిందికి దించుకుంది. గుండీ పెట్టుకుంది. టోపీ సరిచేసుకుంది. నడిచింది. బ్యారనంతా ఆమె వెనక కదిలింది. అవిసె నార కొట్టేవాళ్ళు చెక్కలు పట్టుకునే నిలబడి చూశారు. ఆపిల్ గానుగ ఆగింది.

బ్యారను వెనక కంకర పరిచిన చోట ఆమె ఆగింది. ఏటి వైపు చూసి, బ్యారను చూరు వైపు చూసి, నాలుగడుగులు పక్కకి జరిగింది. ఎదురుగా పెద్ద వెండిరంగు కారు ఒకటి నిలబడి ఉంది.

"ఇది ఎవరిది?"

ట్రస్టువాళ్ళు మిసెస్ మెరివేల్ వైపు చూశారు.

"మా గుమ్మంలో ఉంది. తియ్యమనండి."

మిసెస్ మెరివేల్ సంచిలో చెయ్యిపెట్టి తాళం చెవి కోసం వెతుక్కుంది. దొరకడానికి కాస్త సమయం పట్టింది. రెండువందలమంది చూస్తుండగా ట్రస్టు అధ్యక్షురాలు కారెక్కి, వెనక్కి, ఇంకా వెనక్కి తీసి, కంచె దాకా పోనిచ్చింది.

ఫిలొమీనా ఆ ఖాళీ ముందు నిలబడి, చర్చి బూట్లు కంకర మీద రెండుసార్లు రాసుకుంది. అప్పుడు లోపలికి అడుగుపెట్టింది.

"ఇక్కడ పొయ్యి," అంది. "ఇక్కడ కిటికీ. ఆ మూల మా అక్క మంచం."

తల్లికి అక్క ఉండేదని వెరోనికా నలభై ఎనిమిదేళ్ళలో ఎన్నడూ వినలేదు.

"ఏ అక్కమ్మా?"

ముసలావిడ ఆ మూలనే చూస్తోంది. చెయ్యి మాత్రం వెనక్కి చాపింది, కూతురి కోసం.

"గుమ్మంలోనే నుంచున్నావేం, రోనీ. లోపలికి రా. చెప్తాను."